లేని భాగాల లెక్క

మిర్యాలగూడలో ఏ బియ్యం మిల్లులోకి వెళ్లినా ఎలివేటరు కనిపిస్తుంది. నేల గుంతలోని వడ్లను బెల్టుకు బిగించిన బకెట్లతో పై అంతస్తు దాకా ఎత్తిపోసే నిలువు గొట్టం అది. దాని లోపల కింద ఒక డ్రమ్ము, పైన ఒక డ్రమ్ము ఉంటాయి. మరమ్మతు కోసం పై డ్రమ్మును విప్పి కింద పెట్టినప్పుడు దాని మీద అడ్డంగా ఒక ఉక్కు స్కేలు ఆనించి చూడండి. చాలా మిల్లుల్లో ఆ స్కేలు డ్రమ్ము నడిమధ్యలో మాత్రమే తగులుతుంది, రెండు అంచుల దగ్గర సన్నటి సందు ఉంటుంది. డ్రమ్ము మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా తయారు చేశారన్నమాట. ఆ ఉబ్బు ఉండబట్టే బెల్టు పక్క గోడలకు రాసుకోకుండా రోజంతా మధ్యలోనే నడుస్తుంది.

వడ్రంగి షెడ్డులోని బ్యాండ్ సాలో ఉన్నదీ ఇదే ఏర్పాటు. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, రెంటినీ చుట్టి పళ్లు కోసిన ఉక్కు పట్టీ. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రం పట్టీని బిగువుగా పట్టి ఉంచుతుంది. మధ్యలో బల్ల ఉంటుంది, కోయాల్సిన చెక్కను దాని మీద పెట్టి ముందుకు తోస్తారు. లోపలి యంత్రశాస్త్రం రెంటికీ ఒకటే కావడం వల్ల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వడ్రంగికి ఒక వెసులుబాటు ఉంది. షోరూంలో నమూనాగా నిలబెట్టి, నెలలు గడిచాక, చిన్నా చితకా భాగాలు పోయాక ధర తగ్గించి అమ్మే బ్యాండ్ సాను అతను ధైర్యంగా కొనవచ్చు. పోయిన వాటిలో ఎక్కువ భాగం మిల్లుల కోసం వెలిసిన కొట్లలో, లేతు షెడ్లలో దొరుకుతాయి. ఏవి దొరుకుతాయో, ఏవి ఎక్కడా దొరకవో మాత్రం డబ్బు కట్టకముందే తెలిసి ఉండాలి.

ఆ కొట్లు ఇక్కడికి ఎలా వచ్చాయో రెండు మాటల్లో చెప్పుకోవాలి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట భూములను వరి మళ్లుగా మార్చింది. వరితో మిల్లులు వచ్చాయి. మిల్లులతో పాటు బేరింగులు, వీ-బెల్టులు, పుల్లీలు అమ్మే కొట్లు వచ్చాయి. అరిగిన షాఫ్టు తెచ్చిస్తే సాయంత్రానికి కొత్తది తయారు చేసి ఇచ్చే లేతు పనివాళ్లు వచ్చారు. కోతల రోజుల్లో మిల్లు ఒక పూట ఆగితే వడ్ల లారీలు రోడ్డు పొడవునా ఆగిపోతాయి. హైదరాబాద్ నుంచి భాగం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం కుదరదు. అందుకే కొలిచి, ఉన్నదానితో సరిపోల్చి, లేనిదాన్ని తయారు చేసుకునే పనితనం ఈ ఊళ్లలో పెరిగింది. ఇక్కడ దొరకనిది సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దొరుకుతుంది. సూర్యాపేట, కోదాడ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కనుక సరుకు చేరడం కష్టం కాదు.

ఇప్పుడు ఆ ఉబ్బు సంగతి. బెల్టు ఎత్తు మీంచి పల్లానికి జారాలి కదా అని మనకు అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా ఉన్న డ్రమ్ము మీద పట్టీ నడుస్తోందనుకుందాం. లావు పక్కన చుట్టుకొలత ఎక్కువ, కాబట్టి అక్కడ ఉపరితలం వేగంగా కదులుతుంది. పట్టీలో ఆ వైపు అంచు కాస్త ముందుకు లాగబడుతుంది. దాంతో పట్టీ తన తలంలోనే కొద్దిగా వంగి, డ్రమ్ము మీదికి ఇంకా రాని భాగం లావు పక్కకు వాలుతుంది. డ్రమ్ము తిరిగేకొద్దీ కొత్తగా వచ్చే పట్టీ ఆ వాలిన చోటే తాకుతుంది. అలా తాకే చోటు జరుగుతూ జరుగుతూ పట్టీ లావు వైపు ఎక్కుతుంది. మధ్యలో ఉబ్బిన చక్రం అంటే లావు పక్కలు కలిసేలా అతికించిన రెండు శంకువులే. ఎడమకు జరిగిన పట్టీని ఎడమ శంకువు మధ్యకు తోస్తుంది, కుడికి జరిగితే కుడి శంకువు తోస్తుంది. చక్రానికి గట్టు లేకపోయినా పట్టీ పడిపోకపోవడానికి కారణం ఇదే.

చిన్న, మధ్యరకం బ్యాండ్ సాల్లో ఈ ఉబ్బు చక్రం మీది రబ్బరు తొడుగులో ఉంటుంది. రబ్బరు అరిగి చదునైతే బ్లేడు ఒక చోట నిలవదు. దీన్ని బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే షోరూంలో నిలబడిన యంత్రానికి ముందుగా దెబ్బ తగిలేది అక్కడే.

ఈ యంత్రం ఆలోచన పాతదే. లండన్‌కు చెందిన విలియం న్యూబెరీ 1808-09 ప్రాంతంలోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయినా దాదాపు 40 ఏళ్ల పాటు అది పనికొచ్చే యంత్రం కాలేదు. పట్టీ రెండు కొసలను కలిపిన అతుకు తెగిపోతూ ఉండేది. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపిన్ అనే మహిళ తెగని అతుకు వేసే పద్ధతికి పేటెంటు కోరింది. ఆ హక్కును పారిస్‌లోని పెరాన్ కంపెనీ కొని, మెరుగైన ఉక్కుతో బ్లేడ్లు తయారు చేసింది. అంటే చక్రాలు, బల్ల, చట్రం ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి. వాటిని కలిపే సన్నటి ఉక్కు పట్టీ కోసమే ఇన్నేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఎందుకు తెగేదో లెక్క వేసి చూద్దాం. 18 అంగుళాల చక్రం, అంటే 457 మిల్లీమీటర్లు. బ్లేడు మందం అర మిల్లీమీటరు. చక్రం మీద వంగినప్పుడు బ్లేడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది. ఉక్కు స్థితిస్థాపక గుణకాన్ని మందంతో గుణించి, చక్రం వ్యాసంతో భాగిస్తే ఆ ఒత్తిడి వస్తుంది. 2,00,000ను 0.5తో గుణించి 457తో భాగిస్తే సుమారు 219 మెగాపాస్కల్‌లు. ఇది కేవలం వంగినందుకే. బిగించినందుకు ఇంకో 100 దాకా దీనికి కలుస్తుంది. ఉక్కు ఒకసారి దీన్ని సులువుగా తట్టుకుంటుంది. కానీ ఆ బ్లేడు సెకనుకు నాలుగు సార్లకు పైగా చుట్టు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు రెండుసార్లు వంగుతుంది. గంట పని చేస్తే ప్రతి పన్నూ దాదాపు 31,000 సార్లు వంగి నిటారైనట్టు. 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వూలర్ రైలు ఇరుసులను పరిశీలించి చెప్పింది ఇదే: ఒక్కసారికి లోహాన్ని ఏమీ చేయని భారం లక్షల సార్లు వచ్చిపోతే పగులు పుట్టిస్తుంది. బ్లేడులో ఆ పగులు రెండు పళ్ల మధ్య గుంతలో మొదలవుతుంది. అందుకే బ్లేడు మందం చక్రం వ్యాసంలో సుమారు వెయ్యో వంతు దగ్గరే ఉండాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. 18 అంగుళాల చక్రానికి 0.9 మిల్లీమీటర్ల బ్లేడు గట్టిగా ఉంటుంది కదా అని వేస్తే వంపు ఒత్తిడే 394కు చేరుతుంది, కొత్త బ్లేడు కొద్ది రోజుల్లోనే తెగుతుంది.

ఇక షోరూం యంత్రం దగ్గరికి వద్దాం. నెలల తరబడి నిలబడ్డ నమూనా యంత్రం కోత పని పెద్దగా చేసి ఉండదు, కాబట్టి మోటారు, చక్రాల ఇరుసులు కొత్తవాటిలాగే ఉంటాయి. దానికి జరిగే నష్టం వేరే రకం. వచ్చినవాళ్లంతా పిడులు తిప్పి చూస్తారు. వేరే యంత్రం కొన్నవాళ్లకు ఏదో బోల్టు తక్కువైతే దీని నుంచి ఊడదీసి ఇస్తారు. బల్ల మధ్యలో బ్లేడు దిగే రంధ్రంలోని బిళ్ల పోతుంది. బ్లేడు ఎక్కించడానికి బల్లలో ఉండే చీలిక దగ్గర రెండు సగాలనూ సమంగా పట్టి ఉంచే పిన్ను పోతుంది. బ్లేడు పక్కకు వంగకుండా కాచే గైడు దిమ్మెలు, చెక్కను ఆనించి తోసే పక్క కంచె, తలుపు పిడి, పట్టీ బిగించే హ్యాండిలు పోతాయి. బ్లేడును బిగువు మీదే వదిలేయడంతో చక్రం రబ్బరు బ్లేడు ఆనిన చోట పల్లం పడుతుంది, బిగువు ఇచ్చే స్ప్రింగు తన పొడవు కోల్పోతుంది. ఎంతోమంది చేతులు ఆనిన ఇనుప బల్ల మీద వేలిముద్రల ఆకారంలో తుప్పు కనిపిస్తుంది. ఆ తుప్పును చూసి జంకాల్సిన పని లేదు, కిరసనాయిలు, ఎమెరీ కాగితంతో అది పోతుంది.

జంకాల్సింది పోత ఇనుము పగులును చూసి. చట్రం గానీ, చక్రం గానీ, బల్ల గానీ పగిలి ఉంటే ఎంత ధర తగ్గించినా నేనైతే తీసుకోను. పోత ఇనుములో కార్బన్ 2 శాతానికి మించి ఉంటుంది. వెల్డింగు వేడికి కరిగి, వెంటనే చల్లారినప్పుడు అతుకు పక్కన గాజులా పెళుసైన పొర ఏర్పడుతుంది. ముందుగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో అతికి, నిదానంగా చల్లార్చే మంచి పనివాళ్లు ఉన్నారు, మిల్లుల్లో కవర్లు అలా నిలబెడతారు కూడా. అయితే నిమిషానికి వందల సార్లు తిరిగే చక్రానికి అలాంటి అతుకు మీద భరోసా పెట్టకూడదు. చిన్న సుత్తితో తట్టి వినాలి. మంచి పోత గణగణమంటుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. ఆ తర్వాత చక్రం అంచు పక్కన ఒక సుద్దముక్కను కదలకుండా పట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పాలి. సుద్ద చుట్టూ సమంగా గీస్తే చక్రం సరిగా ఉన్నట్టు, ఒకే చోట గీస్తే వంకర ఉన్నట్టు. పై చక్రం అంచు నుంచి కింది చక్రం అంచుకు తాపీవాళ్ల నూలు దారం బిగించి చూస్తే రెండూ ఒకే తలంలో ఉన్నాయో లేదో తెలుస్తుంది. చట్రం, చక్రాలు, బల్ల, పై చక్రాన్ని మోసే జారుడు బ్రాకెట్టు: ఈ నాలుగూ ఆ యంత్రానికి మాత్రమే చెందినవి, ఏ ఊళ్లోనూ అలమారలో దొరకవు. ఈ నాలుగూ బాగుంటే మిగతావన్నీ తెచ్చుకోవచ్చు.

మిగతావాటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది బోల్టు. నా దృష్టిలో యంత్రాన్ని ఎక్కువగా పాడుచేసేది కూడా అదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు: 55 డిగ్రీల కోణం, అంగుళానికి ఇన్ని చుట్లు. మన దేశంలో 1956 చట్టం తర్వాత మెట్రిక్ కొలతలు వచ్చాయి. మెట్రిక్ మరకు కోణం 60 డిగ్రీలు, చుట్టు దూరం మిల్లీమీటర్లలో. హార్డ్‌వేర్ కొట్లలో ఈ రెండు వంశాలూ ఇప్పటికీ పక్కపక్క డబ్బాల్లోనే ఉంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అని లెక్కించే మన వడ్రంగుల భాషలో రెండున్నర నూళ్ల బోల్టు 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. దాని పక్కనే ఉన్న ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు, వెర్నియరుతో కొలిచినా 0.06 మాత్రమే. కానీ ఎం8 మరలో చుట్టుకు చుట్టుకు మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, 5/16 విట్‌వర్త్‌లో అంగుళానికి 18 చుట్లు, అంటే 1.41. చట్రంలోని ఎం8 రంధ్రంలోకి 5/16 బోల్టు వేస్తే ఒకటి రెండు చుట్లు హాయిగా దిగుతుంది. అయిదో చుట్టుకు తేడా 0.8 మిల్లీమీటర్లు. అక్కడ అది పట్టేస్తుంది. తుప్పు పట్టిందేమో అనుకుని పానా వేసి బలంగా తిప్పితే పోత ఇనుములోని మర చెక్కలు చెక్కలుగా రాలిపోతుంది.

బోల్టు చేతిలో ఉంటే కొలవడం సులభం. పది చుట్ల పొడవును వెర్నియరుతో కొలవాలి. 12.5 మిల్లీమీటర్లు వస్తే ఎం8, 14.1 వస్తే రెండున్నర నూళ్లు. బోల్టే పోయి, రంధ్రం మాత్రం మిగిలినప్పుడు? మెత్తటి చెక్కపుల్లను రంధ్రంలో పెట్టి పక్కకు గట్టిగా ఒత్తి తీస్తే మర గీతలు దాని మీద పడతాయి. ఆ గీతలను కొలవాలి. ఇంకా నమ్మకం కలగకపోతే రెండు రకాల కొత్త బోల్టులూ తెచ్చి వేళ్లతో మాత్రమే తిప్పి చూడాలి. సరైనది చివరిదాకా వేళ్లతోనే దిగుతుంది. ఇంకొక జాగ్రత్త: కొన్ని యంత్రాల్లో చక్రం నట్టుకు ఎడమ మర ఉంటుంది, తిరుగుడుకు ఊడిపోకుండా. విప్పబోయి బిగించేసేవాళ్లు చాలామంది.

బేరింగుల విషయంలో ఇన్ని చిక్కులు లేవు. మనుషులు కూర్చుని ప్రపంచం మొత్తానికీ ఒకే కొలతలు ఒప్పుకుంటే బతుకు ఎంత సులువవుతుందో బేరింగును చూస్తే తెలుస్తుంది. 6203 అని రాసి ఉందనుకుందాం. మొదటి 6 లోతు గాడి బంతుల బేరింగు అని, 2 తేలిక వరస అని, 03 లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లని చెబుతాయి. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ఆపైన 04 నుంచి చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే చాలు: 6204కు 20, 6205కు 25. తయారీదారు ఎవరైనా, దేశం ఏదైనా 6203 అంటే లోపల 17, బయట 40, వెడల్పు 12. అంకెలు చెరిగిపోతే ఈ మూడూ కొలిస్తే పేరు తెలిసిపోతుంది. బ్లేడు వీపును కాచే బేరింగు, గైడు బేరింగులు పోతే కంపెనీకి ఉత్తరం రాయాల్సిన పని లేదు. సీలింగ్ ఫ్యాన్లలో నడిచే 6201, 6202లే కొన్ని బ్యాండ్ సాల గైడుల్లోనూ ఉంటాయి. మిల్లు సామాన్ల కొట్టులో మాట ఇలా సాగుతుంది:

"అన్నా, 6203 రెండియ్యి."

"జెడ్‌జెడ్ ఇయ్యనా, 2ఆర్ఎస్ ఇయ్యనా?"

"కట్టె పొట్టు వడ్తది అన్నా. రబ్బరు సీలుదే ఇయ్యి."

ఆ జవాబు సరైనది. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, దానికీ లోపలి రింగుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. రంపపు పొట్టు ఆ సందులోంచి దూరి గ్రీజును పీల్చేస్తుంది. 2ఆర్ఎస్‌లో రబ్బరు పెదవి రింగును తాకుతూ ఉంటుంది.

రబ్బరు తొడుగు సంగతి కాస్త నిదానంగా చూడాలి. దానికి మూడు పనులున్నాయి. బ్లేడు పళ్లు ఎడమకు కుడికి వంచి ఉంటాయి, ఆ వంపు ఇనుముకు తగిలి చెడకుండా కాపాడటం ఒకటి. జారకుండా పట్టు ఇవ్వడం రెండోది. మొదట చెప్పిన ఉబ్బును మోయడం మూడోది. మన వేసవుల్లో 45 డిగ్రీలు దాటే రేకుల షెడ్డులో రబ్బరు త్వరగా ముదురుతుంది. గోటితో నొక్కితే గుంత పడి మళ్లీ లేవాలి. గీత పడి అలాగే ఉండిపోయినా, సన్నటి పగుళ్లు విచ్చుకున్నా మార్చాల్సిందే. పాలీయురెథేన్ తొడుగులు చక్రం కొలతను బట్టి దొరుకుతాయి. వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక సాగదీసి ఎక్కిస్తారు. కొత్త తొడుగు చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా ఉండాలి, ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. రబ్బరు పట్టీనే అతికించుకుంటే చక్రాన్ని తిప్పుతూ గరుకు కాగితం చుట్టిన చెక్కతో రెండు అంచులనూ కాస్త దించి ఉబ్బు తీసుకురావాలి. మందం ఎక్కడా మారకూడదు. ఒక చోట ఒక మిల్లీమీటరు ఎత్తుంటే చక్రం తిరిగిన ప్రతిసారీ బ్లేడు బిగువు పెరిగి తగ్గుతుంది, ఇందాకటి వూలర్ లెక్కకు అది ఇంకొంత తోడవుతుంది.

బల్ల రంధ్రంలో బిళ్ల చిన్నదే. అది లేకుండా కోస్తే మాత్రం సన్న చెక్కముక్కలు బ్లేడు పక్కన ఇరుక్కుని దాన్ని తెంపుతాయి. రంధ్రం వ్యాసం, మెట్టు లోతు కొలిచి లేతు షెడ్డులో అల్యూమినియంతోనో, హైలం షీటుతోనో చేయించుకోవచ్చు. ఉక్కుతో మాత్రం వద్దు, పక్కకు వంగిన బ్లేడు దానికి తగిలితే పళ్లు పోతాయి. హైలం మనకు బాగా తెలిసిన సరుకే. కాగితం లేదా గుడ్డ పొరలకు ఫినాలిక్ రెజిన్ పట్టించి వేడితో అదిమిన పలక అది. ఎలక్ట్రీషియన్లు స్విచ్ బోర్డులకు దశాబ్దాలుగా వాడుతున్నారు. గైడు దిమ్మెలకూ అది పనికొస్తుంది. నూనె పట్టించిన నల్లతుమ్మ చేవ కూడా మంచిదే: గట్టిగా ఉంటుంది, బ్లేడును గాయపరచదు, అరిగితే మళ్లీ కోసుకోవచ్చు. బల్ల పిన్నును సన్నగా వాలు తీసి చేయించాలి. సరైన పిన్ను తడితే చీలికకు రెండు పక్కలా బల్ల ఒకే ఎత్తుకు వస్తుంది.

స్ప్రింగు కొనేటప్పుడు కంటి అంచనా పనికిరాదు. అరంగుళం బ్లేడులో పళ్ల గుంతల వెనక మిగిలేది సుమారు 10 మిల్లీమీటర్లు. మందం 0.5. అంటే 5 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు. దానికి 100 మెగాపాస్కల్‌ల బిగువు కావాలంటే 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల లాగుడు. చక్రాన్ని పట్టీ రెండు పక్కలా లాగుతుంది కనుక స్ప్రింగు 100 కిలోలు మోయాలి. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ప్రకారం భారం ఎంతో నలుగుడు అంత. 25 మిల్లీమీటర్లు నలిగితే 100 కిలోలు రావాలంటే మిల్లీమీటరుకు 4 కిలోల స్ప్రింగు కావాలి. తీగ లావులో చిన్న తేడా కూడా ఇక్కడ పెద్దదవుతుంది, ఎందుకంటే గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల తీగకు బదులు 7 తెస్తే స్ప్రింగు 1.85 రెట్లు బిరుసెక్కుతుంది. కొట్టులోనే స్ప్రింగును నిలబెట్టి, తెలిసిన బరువు పెట్టి, ఎంత నలిగిందో స్కేలుతో కొలవడమే నిక్కమైన పరీక్ష.

బ్లేడు పొడవు తెలుసుకోవడానికి పాత బ్లేడు అక్కర్లేదు. పై చక్రాన్ని దాని జారుడు మధ్యలో నిలిపి, రెండు ఇరుసుల మధ్య దూరాన్ని కొలిచి రెట్టింపు చేసి, చక్రం చుట్టుకొలత కలపాలి. చక్రాలు 18 అంగుళాలు, ఇరుసుల దూరం 42 అంగుళాలైతే 84కు 56.5 కలిపి 140.5 అంగుళాలు. కోయబోయే చెక్క మందంలో కనీసం మూడు పళ్లు ఎప్పుడూ ఉండేలా పళ్ల దూరం ఎంచుకోవాలి. వంపులు కోయాలంటే వెడల్పు తగ్గించాలి. పావు అంగుళం బ్లేడు 5/8 అంగుళం వ్యాసార్ధం దాకా తిరుగుతుంది, అరంగుళం బ్లేడుకు రెండున్నర అంగుళాలైనా కావాలి. టేకు ఎక్కువగా కోసేవాళ్ల బ్లేడు త్వరగా మొద్దుబారడానికి కారణం ఆ కలపలోనే ఉంది, టేకులో సిలికా ఉంటుంది.

మోటారు దగ్గర వేగం చూసుకోవాలి. 1440 చుట్ల మోటారుకు 4 అంగుళాల పుల్లీ, చక్రం వైపు 9 అంగుళాల పుల్లీ ఉంటే చక్రం నిమిషానికి 640 చుట్లు తిరుగుతుంది. 18 అంగుళాల చక్రం మీద బ్లేడు వేగం నిమిషానికి సుమారు 919 మీటర్లు, గంటకు 55 కిలోమీటర్లు. కలపకు ఇది సరిపోతుంది. చూడటానికి ఒకేలా ఉందని 2880 చుట్ల మోటారు బిగిస్తే వేగం రెట్టింపై, చక్రంలో ఏ కొంచెం బరువు తేడా ఉన్నా దాని కుదుపు నాలుగు రెట్లవుతుంది. పుల్లీలు పెట్టాక బెల్టు పొడవును గాడుల్లో దారం చుట్టి కొలవవచ్చు. షెడ్డుకు సింగిల్ ఫేజే ఉండి, యంత్రానికి మూడు ఫేజుల మోటారు ఉంటే దాన్ని పారేయనక్కర్లేదు. 415 వోల్టుల స్టార్ కలయికలో ఉన్న మోటారుకు ఆరు తీగలూ బయటికి వచ్చి ఉంటే, డెల్టాగా మార్చినప్పుడు అది 240 వోల్టులకు సరిపోతుంది. సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులిచ్చే వీఎఫ్‌డీతో నడపవచ్చు. ఈ పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

కొనేటప్పుడు కాగితం పని రెండు రకాలు. బిల్లు మీద ఏయే భాగాలు లేవో పేరుపేరునా రాయించుకోవాలి, అప్పుడే మిగతావాటికి అమ్మినవాడి బాధ్యత నిలుస్తుంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్న యంత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. అందువల్ల ఒంటరిగా పనిచేసుకునే వడ్రంగి కూడా వినియోగదారుడే. రెండోది అటవీశాఖ. మన దగ్గర కలప కోత మిల్లులకు 1969 నాటి నియమాల నుంచీ లైసెన్సు ఉంది, అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత అనుమతులు ఇంకా కట్టుదిట్టమయ్యాయి. ఫర్నిచర్ షెడ్డులో చిన్న యంత్రం పెట్టుకున్నా రేంజి ఆఫీసులో ముందే అడిగి రాయించుకోవడం మంచిది. యంత్రం సీలు పడ్డాక వాదించడం కంటే అది ఎంతో సులువు.

భాగాలన్నీ కుదిరాక మొదటి రోజు కరెంటు ఇవ్వకుండానే పని మొదలవుతుంది. గైడులను వెనక్కి జరిపి, బ్లేడు ఎక్కించి, బిగువు తెచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాని వాలును మార్చే మరను కొద్దికొద్దిగా సర్దాలి. బ్లేడు రబ్బరు మధ్యలో నిలిచాకే గైడులు దగ్గరికి రావాలి. గైడుకూ బ్లేడుకూ మధ్య ఒక రాతకాగితం దూరేంత సందు, అంటే 0.1 మిల్లీమీటరు చాలు. వెనక బేరింగు ఉత్తగా తిరిగేటప్పుడు తాకకూడదు, చెక్క తోసినప్పుడు మాత్రమే తాకాలి. తలుపులు, బ్లేడు మీది కవరు పోయిన యంత్రమైతే రేకుతో అవి చేయించేదాకా స్విచ్ వేయకూడదు. తెగిన బ్లేడు ఆ తలుపులోనే ఆగాలి. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది, కాబట్టి పొట్టు లాగే గొట్టం, ముక్కుకు మాస్కు కూడా యంత్రంలో భాగాలే అనుకోవాలి.

సాయంత్రం పని ఆపాక బిగువు వదిలేసి, వదిలినట్టు హ్యాండిలుకు ఒక చీటీ కట్టాలి. కొలిచిన కొలతలన్నీ తలుపు లోపలి వైపు పెయింటుతో రాసి ఉంచాలి: బ్లేడు 140.5 అంగుళాలు, వెనక బేరింగు 6203 2ఆర్ఎస్, మోటారు పుల్లీ 4, చక్రం పుల్లీ 9, గైడు బోల్టులు ఎం8, స్ప్రింగు మిల్లీమీటరుకు 4 కిలోలు. వచ్చే ఏడు బేరింగు పోయినప్పుడు కొట్టుకు వెళ్లే కుర్రవాడు యంత్రం విప్పకుండానే ఆ తలుపు తెరిచి చదువుకుని బయల్దేరతాడు.